గవ్వలపాలెం నల్లి

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, జూన్ మొదట్లో నన్ను డిప్యుటేషన్ మీద హైదరాబాదుకు పంపారు. అప్పటికి నాకు రెండేళ్లకు కాస్త తక్కువ సర్వీసు మిగిలి ఉంది. హోదా సీనియర్ సైంటిస్టు. అంతకు ముందు నా ఉద్యోగమంతా బాపట్ల దిక్కున సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పరిశోధన కేంద్రంలోనే గడిచింది. ఉప్పు గాలికి ఆ భవనం పెచ్చులూడి, పైకప్పు ఇనుము బయటపడి, ఇక పనికిరాదని ఇంజినీర్లు రాసిచ్చాక, కేంద్రాన్ని మూసి, అక్కడున్న నలుగురినీ తలో చోటికి సర్దారు. నాకు మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో సగం గది వచ్చింది. మిగతా సగంలో ప్రింటర్లు ఉండేవి.

నాకు అప్పగించిన పని పేరు చెబితే నవ్వేవాళ్లు ఉంటారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెత్తలో ఎన్ని రకాల నల్లులు బతుకుతున్నాయో తేల్చడం. నల్లి అంటే మంచాల్లో ఉండేది కాదు. మిరప తోటలో ఆకు ముడుచుకుపోతే రైతు "నల్లి పట్టింది" అంటాడే, ఆ కోవకు చెందిన ఎనిమిది కాళ్ల జీవి. సాలీడుకు దూరపు చుట్టం. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దగా కనిపిస్తుంది. అలలు ఒడ్డున వదిలే నాచు, మొగలి ఆకులు, తెప్ప ముక్కలు, చచ్చిన పీతలు అన్నీ కలిసి కుళ్లుతూ ఒక గీతలాగా పేరుకుంటాయి. చూసేవాళ్లకు అది చెత్త. అందులో వందలాది నల్లులు ఒకదాన్నొకటి వేటాడుకుంటూ, పురుగుల గుడ్లు తింటూ, ఈగల మీద ఎక్కి ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు ప్రయాణం చేస్తూ ఉంటాయి. ఆ చెత్తను పూర్తిగా ఊడ్చేస్తే తీరం ఏం పోగొట్టుకుంటుందో చెప్పాలన్నది ప్రాజెక్టు ఉద్దేశం.

తీరం నుంచి నమూనాలు తడిగుడ్డ సంచుల్లో, మంచుపెట్టెలో, బస్సు పార్సిల్‌లో వచ్చేవి. వచ్చిన రోజే వాటిని గరాటాలో వేయాలి. పైన జల్లెడ, జల్లెడ మీద చెత్త, దాని మీద చిన్న బల్బు, కింద ఆల్కహాల్ సీసా. బల్బు వేడికి చెత్త పైనుంచి ఆరుతూ వస్తే, తడి వెతుక్కుంటూ నల్లులు కిందికి దిగి సీసాలో పడతాయి. వాటిని గాజు పలక మీద అతికించి, సూక్ష్మదర్శినిలో రోమాలు లెక్కపెట్టి జాతి తేల్చాలి. తేల్చిన మనిషి సంతకం ఒకటి, సరిచూసిన మనిషి సంతకం ఇంకొకటి. ఈ రెండో సంతకం లేనిదే మా వృత్తిలో ఏ పేరూ నమ్మదగింది కాదు.

రెండో సంతకం పెట్టగలవాళ్లు నాకు తెలిసినంతలో ఒక్కరే మిగిలారు. నాకు ఈ విద్య నేర్పిన రామబ్రహ్మం మాస్టారు. ఆయన అప్పటికి చాలా ఏళ్ల కిందటే రిటైరై, లింగంపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటాయి. రెండు కళ్లలోనూ చూపు నడిమి భాగం పోయింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించదు, పక్కకు తిరిగితే అంచు నుంచి కాస్త తెలుస్తుంది. అందుకని ఎవరితో మాట్లాడినా ఆయన మొహం తలుపు వైపో కిటికీ వైపో ఉండేది. తెలియనివాళ్లు నిర్లక్ష్యం అనుకునేవారు.

నేను మూసాపేటలో కిరాయికి ఒక గది, వంటిల్లు తీసుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. సముద్రం దగ్గర ఉన్నన్నాళ్లూ ఒంటరిగా ఉన్నానన్న సంగతి పెద్దగా తెలియలేదు. వలలు లాగేవాళ్లు, పడవ పెద్దలు, చేపలమ్మే ఆడవాళ్లు, ఎవరో ఒకరు "ఏం దొరికాయమ్మా ఇవాళ?" అని పలకరించేవారు. మాదాపూర్‌లో లిఫ్టులో రోజూ అవే ముఖాలు కనిపించేవి, ఎవరూ పలకరించేవారు కారు. తప్పు వాళ్లది కాదు, చెవుల్లో ఏవో పెట్టుకుని మీటింగుల్లో ఉండేవారు. భోజనాల గదిలో నా బల్ల దగ్గర మూడు కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఎవరైనా వచ్చి, "మేడమ్, ఈ చెయిర్ తీస్కోవచ్చా?" అని అడిగి తీసుకుపోయేవారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడ్డాక, ఆదివారం మాస్టారి దగ్గరికి వెళ్లేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. ఆదివారాలు భరత్‌నగర్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి లింగంపల్లి వెళ్లి, ఆ వారం సీసాల్లో ఏం పడ్డాయో ఆయనకు చెప్పేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వింటూ, "ఆ రోమాలు మొనదేలి ఉన్నాయా, పాయలుగా ఉన్నాయా?" అని అడిగేవారు. నేను చెప్పే మాటల మీదే ఆయన సరిచూసి, నేను చూపించిన చోట సంతకం పెట్టేవారు.

ఆఫీసులో నాతో మాట్లాడే మనిషి ఒకామె ఉండేది, స్రవంతి. సిద్దిపేట పిల్ల, ఆరో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ బృందానికి లీడు. నా స్లైడ్ల ఫొటోలు చూపించి, నల్లిని చూడగానే జాతి చెప్పే ప్రోగ్రాం తయారుచేయడం వాళ్ల పని. వేళకు రాదు, వేళకు తినదు, కానీ అర్థం కానిది అర్థమైనట్టు నటించేది కాదు. ఆమె అడిగిన ఒక ప్రశ్నతోనే ఈ వ్యవహారం మొదలైంది.

"మేడమ్, ఈ ముప్పై ఒకటో నంబరుది పెద్దది ఎప్పుడూ రాదేంది? అన్నీ పిల్లలే వస్తున్నయ్. పందొమ్మిదోదానికేమో పిల్లలే లేవు."

మా జాబితాలో ముప్పై ఒకటో నంబరు మాస్టారు కనిపెట్టిన జాతి. నల్లి గుడ్డులోంచి ఆరు కాళ్లతో పుడుతుంది. తరువాత ఎనిమిది కాళ్లతో రెండు కౌమార దశలు దాటి ప్రౌఢ అవుతుంది. రెండో కౌమార దశలో కొన్ని నల్లులు ఈగ పొట్టకు అతుక్కుని ప్రయాణం చేస్తాయి. అలా ఈగ మీద దొరికిన దశను చూసి మాస్టారు యువకుడిగా ఉన్నప్పుడు ఒక కొత్త జాతిని ప్రకటించారు. ప్రౌఢ దొరకలేదు. అప్పట్లో అది తప్పు కాదు, ఇప్పటికీ కాదు, దొరికినదాన్ని బట్టి పేరు పెడతారు. ఆ నల్లి దొరికిన బెస్తల పల్లె పేరు గవ్వలపాలెం. అందుకని లాటిన్ పద్ధతిలో దానికి గవ్వలపాలెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ పల్లెను తరువాతి కాలంలో సముద్రం కోసేసింది. ఇళ్లు పోయి, జనం లోపలి ఊళ్లకు చెదిరిపోయారు.

పందొమ్మిదో నంబరుది అంతకంటే చాలా ముందు వేరే దేశపు తీరంలో పేరు పెట్టిన నల్లి. దాని ప్రౌఢలు మాత్రమే అందరికీ తెలుసు. స్రవంతి వెళ్లిపోయాక నా పట్టికలన్నీ తీసి చూశాను. ఇది ఉన్న ప్రతి సంచిలో అదీ ఉంది. ఇది లేని సంచిలో అదీ లేదు. రెండూ ఒకే జీవి, వేర్వేరు వయసులు అయితే తప్ప అలా జరగడం అరుదు. మా నియమం ప్రకారం ఒకే జీవికి రెండు పేర్లున్నట్టు తేలితే ముందు పెట్టిన పేరు నిలుస్తుంది, తరువాతది కొట్టివేయబడుతుంది. అంటే మాస్టారు పెట్టిన పేరు పోతుంది.

ప్రాజెక్టు డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించి కూర్చోబెట్టి, మొత్తం విన్నారు.

"మన తీరానికి మాత్రమే ప్రత్యేకమని చెప్పుకోడానికి మన జాబితాలో ఉన్నది అదొక్కటేనండి" అన్నారు. "అనుమానమే కదా. రుజువు లేనప్పుడు రెండూ ఉంచేద్దాం. తరువాత వచ్చేవాళ్లు చూసుకుంటారు."

తరువాత వచ్చేవాళ్లు ఎవరూ లేరని ఆయనకూ తెలుసు. నా పోస్టు నాతోనే రద్దవుతుందని ఆర్డరు అప్పటికే వచ్చింది. స్రవంతికి చెబితే ఆమె తల పట్టుకుంది. "రెండూ ఒకటే అయితే నేను మళ్ల మొదటికెల్లి చెయ్యాలె మేడమ్. మస్తు పని. కానీ తప్పు అని తెలిసి ఎట్ల నేర్పిస్తం దానికి?" అంది.

రుజువుకు దారి ఒక్కటే. ఆ కౌమార దశను బతికించి, పెంచి, అది కుబుసం విడిచినప్పుడు ఏం బయటికొస్తుందో చూడాలి. గరాటా కింద ఆల్కహాల్ బదులు తడి కాగితం పెట్టి బతికున్న నల్లులు పట్టాను. సున్నపుముద్దలాంటి ప్లాస్టరులో బొగ్గుపొడి కలిపి చిన్న గిన్నెల అడుగున పోస్తే తడి నిలుస్తుంది, నల్లటి నేల మీద తెల్లటి నల్లి కనిపిస్తుంది. అందులో కుళ్లిన నాచు వేస్తే, నాచులోని సన్నని పురుగుల్ని తిని అవి బతుకుతాయి. అయితే ఆ వాసనకు ఏడో అంతస్తు మొత్తం ఫిర్యాదు చేసింది. ఏసీ గాలి అందరికీ ఒకటే. భవనం నిర్వహణవాళ్లు గిన్నెలు తీసెయ్యమన్నారు. గేట్‌పాస్ రాయించుకుని, ఒక చిన్న సూక్ష్మదర్శినితో సహా అన్నిటినీ మూసాపేట ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంటావిడ ఈశ్వరమ్మ మూసాపేటలోనే పుట్టి పెరిగిన మనిషి. రెండో రోజే మెట్లెక్కి వచ్చింది.

"ఏందమ్మా ఈ వాసన? చాపలు ఎండబెడ్తున్నవా?"

"కాదండి, నాచు. అందులో నల్లుల్ని పెంచుతున్నాను. ఆఫీసు పని."

"నల్లులా?" ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. "ఇల్లు కిరాయికి ఇచ్చింది నీకమ్మా, నల్లులకు గాదు. మంచాలల్ల పడ్తె ఎవలు తీస్తరు?"

ఇవి మంచానివి కావని, సముద్రపు తడి ఆరితే గంటైనా బతకవని చెప్పాను. ఆమె ఒక గిన్నెలోకి తొంగి చూసింది. ఏమీ కనిపించలేదు.

"చచ్చిపోయేటియి పెంచుడెందుకు మరి?" అంది. తరువాత, "సరే, ఎనక వాష్ ఏరియాల పెట్టుకో. ఇంట్ల వద్దు. జర కిటికి తెరిచిపెట్టు" అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "బతికినయా?" అని అడిగేది. ఆ వానాకాలంలో ఆ గిన్నెల గురించి నన్ను అడిగిన మనిషి ఆమే.

ఎక్కువ భాగం బతకలేదు. కొన్ని మునిగి చచ్చాయి, కొన్ని ఆరి చచ్చాయి, కొన్నిటిని బూజు పట్టింది. ఆదివారాలు మాస్టారి దగ్గరికి వెళ్లి మిగతా నల్లుల సంగతులు చెబుతూ, ఈ ఒక్కటి దాటేసేదాన్ని. రుజువు చేతికి రాకుండా ఆయన్ని కలతపెట్టడం న్యాయం కాదని నాకు నేను చెప్పుకున్నాను. శ్రావణమాసం ముగిసేవేళ ఒక ఉదయం, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని సూక్ష్మదర్శినిలో చూస్తుంటే, ఒక గిన్నెలో కదలకుండా ఉన్న నల్లి వీపు మీద చర్మం చీలింది. లోపలి నుంచి ముందు కాళ్లు, తరువాత ఒళ్లు మెల్లగా బయటికి వచ్చాయి. వెనక ఖాళీ కుబుసం మిగిలింది. కుబుసం గవ్వలపాలెం నల్లిది. బయటికొచ్చింది పందొమ్మిదో నంబరు ఆడది. ఒక్కటి చాలదు కనుక ఇంకొన్ని వచ్చేదాకా ఆగాను. వచ్చాయి. ప్రతి కుబుసాన్నీ, దాన్ని విడిచిన నల్లినీ ఒకే గాజు పలక మీద పక్కపక్కనే అతికించాను.

సంతోషం కలగాలి. వృత్తిలో అది అరుదైన ఫలితం. ఆ మాట ఎవరితో అనాలో తెలియక ఆ రోజంతా ఇంట్లో కూర్చున్నాను. ఎవరితో చెప్పుకుంటే అర్థమవుతుందో ఆ ఒక్క మనిషికే అది దెబ్బ.

ఆదివారం వెళ్లి చెప్పాను. మాస్టారు బాల్కనీలో కూర్చుని కింద రైలు కూతలు వింటున్నారు.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?" అన్నారు చివరికి.

"అనుమానం జూలైలోనండి. రుజువు ఈ వారమే."

"మరి ఇన్ని ఆదివారాలు వచ్చి, వేరేవి చెప్పి వెళ్లావు."

ఆయన చెయ్యి చాచి బాల్కనీ ఊచ పట్టుకున్నారు. "నేను చూడాలి" అన్నారు.

ఆయనకు సూక్ష్మదర్శినిలో ఏమీ కనిపించదు. స్రవంతి ఒక ఉపాయం చెప్పింది. ఆరో అంతస్తులో వాళ్ల మీటింగు హాలులో గోడంత తెర ఉంది. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి బొమ్మను దాని మీద వేయవచ్చు. శనివారం ఆఫీసులో జనం ఉండరు. లోపలికి రానిచ్చేందుకు అనుమతి తనే తెచ్చింది. నేను లింగంపల్లి వెళ్లి మాస్టారిని క్యాబులో తీసుకొచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎప్పటిదో ఆఫీసు పెన్ను జేబులో పెట్టుకుని వచ్చారు. కింద సెక్యూరిటీ అతను మెడలో వేయడానికి విజిటర్ కార్డు ఇస్తే, అదేమిటో చేత్తో తడిమి చూసి వేసుకున్నారు.

"ముందు నాది పెట్టు" అన్నారు.

మూల నమూనా, అంటే ఏ నల్లిని చూసి ఆ పేరు పెట్టారో ఆ నల్లి ఉన్న గాజు పలక, కేంద్రం మూసినప్పుడు నాతోపాటే వచ్చింది. అది తెర మీదికి రాగానే మాస్టారు మొహం పక్కకు తిప్పి, కంటి అంచుతో చూశారు. నల్లి తలుపంత పొడవుంది. లేచి, గోడ దగ్గరికి వెళ్లి, తెర మీద చెయ్యి పెట్టారు. స్రవంతి వారించబోతే నేను వద్దని సైగ చేశాను.

"ఇప్పుడు కుబుసం."

తరువాత ఆయన నన్ను పరీక్షలో అడిగినట్టే అడిగారు. వీపు పలక అంచు ఎలా ఉంది. వెనక రోమాలు ఎన్ని, వాటిలో పొడుగువి ఏవి. శ్వాసరంధ్రం పక్కనున్న గాడి ఎంతదాకా వెళ్లింది. ఒక్కొక్కటీ మూల నమూనాతో పోల్చి చెప్పాను. అన్నీ సరిపోయాయి.

"నా నమూనాకి రెండో జత కాలి మీద ఒక ముల్లు ఉంది. ఈ ప్రజాతిలో మరి దేనికీ లేదు. పేరు పెట్టింది దాన్ని బట్టే. అది కుబుసం మీద ఉందా?"

ఆ కుబుసంలో ఎడమ కాలు తెగిపోయింది. కుడి కాలి చర్మం మడతపడి ఉంది. పైపైన చూస్తే ముల్లు లేదు. నేను పలక జరిపి వెతుకుతుంటే ఆయనే అన్నారు.

"కనిపించకపోతే కనిపించలేదని చెప్పు సత్యా. అనుమానం మిగిలితే పేరు నిలుస్తుంది. నియమమే అది."

ఆయన అడిగింది న్యాయంగానే. మిగతా పలకల్లో ముల్లు స్పష్టంగా ఉందని నాకు తెలుసు, కానీ ఆయన ముందున్నది ఈ పలక. లేదు అంటే ఆ గదిలో కాదనగలవాళ్లు లేరు. స్రవంతికి ముల్లు ఏదో తెలియదు. మాస్టారికి కనిపించదు. నేను ఫోకస్ మర మెల్లగా తిప్పుతూ చర్మం లోతుల్లోకి దిగాను. మడత కింది పొరలో చిన్న నల్లటి మొన తేలింది.

"ఉంది మాస్టారూ. మడత కింద ఉంది. మిగతా పలకల్లో ఇంకా బాగా కనిపిస్తోంది."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. స్రవంతి అడగాలనిపించి అడిగింది. "సార్, గవ్వలపాలెం ఎక్కడ ఉంటది?"

ఆయన వాగు పేరు, పాత లైట్‌హౌస్ ఆనవాలు చెప్పారు. ఆమె ఫోనులో మ్యాపు తీసి వెతికింది. "అక్కడ ఊరు చూపిస్తలేదు సార్. నీళ్లే ఉన్నయ్."

"నీళ్లే ఉంటాయమ్మా" అన్నారు మాస్టారు. "వాళ్ల పడవలు కట్టే గుంజల కింద దొరికింది ఇది. నాచు కుప్ప తవ్వి ఈగల్ని పడుతుంటే ఒకాయన నాకు తాటాకు నీడ పట్టాడు. ఊరి పేరు పెడుతున్నానంటే నల్లికా అని నవ్వారు అందరూ." తరువాత నాతో అన్నారు. "కాగితం ఇవ్వు. రెండో సంతకం నేను పెడతాను. కొట్టేసినవాడు వేరే ఎవరో కాకూడదు."

ఆయన వేలిని సంతకం చోట ఆనించాను. జేబులోని పెన్ను తీశారు, సిరా ఎండిపోయి అది రాయలేదు. స్రవంతి తన పెన్ను ఇచ్చింది.

డైరెక్టరుగారు నివేదికలో ఒక జాతి తగ్గించారు. తీరానికే ప్రత్యేకమన్న వాక్యం తీసేసి, ఆ చోట పెంపకపు ఫలితం రాయించారు. కోపగించుకోలేదు. స్రవంతి ప్రోగ్రాం మళ్లీ నేర్పించింది, నెల పైన పట్టింది. మాస్టారి పేరు ముందు, నాది తరువాత పెట్టి, చిన్న వ్యాసం అచ్చయింది. దాన్ని ఎవరు చదివారో తెలియదు.

ఆదివారాలు నేను లింగంపల్లి వెళ్లడం మానలేదు. కానీ ఆ శనివారం తరువాత మాస్టారు నల్లుల గురించి అడగలేదు. మొదట రెండు మూడుసార్లు నేనే మొదలుపెట్టాను. ఆయన "మంచిది" అని, మోకాళ్ల నొప్పుల సంగతో, వానల సంగతో ఎత్తుకునేవారు. కోపం అనుకోను. ఆ పని ఆయన ముగించుకున్నారు. నేను మిగతా పలకల మీద మొదటి సంతకం మాత్రమే పెట్టి, రెండో గడిలో "సరిచూడబడలేదు" అని రాసి పంపాను. అది కూడా నియమమే. నేను రిటైరైన సంవత్సరం చలికాలంలో ఆయన పోయారు. అంతకు ముందే నా పెట్టెలన్నీ వేరే నగరంలోని కేంద్ర సేకరణకు వెళ్లిపోయాయి. మాదాపూర్ గదిలో నా సగంలోకి కూడా ప్రింటర్లు వచ్చాయని స్రవంతి చెప్పింది.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఆ ఏడాది నాకు తెలిసింది చెబుతాను. జీవిని ఒక వయసులో చూసి పెట్టిన పేరు తాత్కాలికం. పెంచి చూసేదాకా దాన్ని అలాగే భావించాలి. సరిచూసే మనిషి దొరకడం కష్టం, అలాంటి మనిషి ఉన్నప్పుడు ఆయన్ని బాధపెట్టే నమూనానే ముందు చూపించాలి. నేను ఆలస్యంగా చూపించాను, అయినా చూపించాను. తరువాత ఆయన మాట్లాడకపోవచ్చు. అప్పుడు ఒక్క సంతకంతో పని చేయడం నేర్చుకోవాలి, రెండో గడిలో ఉన్నది ఉన్నట్టు రాయాలి.